తెర మీద తెలుగు అక్షరం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల పాఠకులు ప్రెజెంటేషన్లలో అక్షరాల తీరు గురించి పంపిన ప్రశ్నలివి. ఏ సాఫ్ట్‌వేరో రాయనివారికి విండోస్‌లో పవర్‌పాయింట్ అనుకుని జవాబిచ్చాం. మెనూ పేర్లు మీ తెర మీద కనిపించేవే.

ప్రశ్న: మా విభాగంలో నలుగురం తలా కొన్ని స్లైడ్లు చేసి ఒకే ఫైల్లో కలిపాం. మొత్తం 60 దాటాయి. ఒకరిది ఒక ఫాంటు, ఇంకొకరిది ఇంకో రంగు, సైజులైతే చెప్పనక్కర్లేదు. ఒక్కో స్లైడు తెరిచి మార్చుకుంటూ పోవడం తప్ప దారి లేదా?
– కాలేజీ లెక్చరర్, రాయగడ

జవాబు: ఉంది. ముందు ఫైలును వేరే పేరుతో ఒకసారి సేవ్ చేసుకుని, ఆ కాపీ మీద పని మొదలుపెట్టండి.

వ్యూ ట్యాబ్‌లో స్లైడ్ మాస్టర్ తెరవండి. ఎడమ పక్కన పెద్ద బొమ్మగా కనిపించేది మాస్టర్, దాని కింద చిన్నవిగా వేలాడేవి లేఅవుట్లు. మాస్టర్‌లో పెట్టిన ఫాంటు లేఅవుట్‌కు, లేఅవుట్ నుంచి స్లైడుకు దిగుతుంది. స్లైడు మీద ఎవరైనా చేత్తో మార్చి ఉంటే ఆ మార్పుదే పైచేయి. మాస్టర్‌లో మార్చినా కొన్ని స్లైడ్లు కదలకపోవడానికి కారణం ఇదే.

మీ ఫైల్లో ఒకటి కాదు, మూడు నాలుగు మాస్టర్లు కనిపించవచ్చు. పేస్ట్ చేసేటప్పుడు 'కీప్ సోర్స్ ఫార్మాటింగ్' ఎంచుకుంటే ఆ స్లైడుతో పాటు దాని మాస్టర్ కూడా వచ్చి కూర్చుంటుంది. వాటిలో ఏది ఉంచుకోవాలో తేల్చుకుని నార్మల్ వ్యూకి రండి. పరాయి మాస్టర్‌వైన స్లైడ్లను ఎడమ పక్క కంట్రోల్ పట్టుకుని ఎంచుకుని, హోమ్ ట్యాబ్‌లో లేఅవుట్ నొక్కి, మీ మాస్టర్ కింద ఉన్న సరైన లేఅవుట్ ఇవ్వండి. ఆ తర్వాత స్లైడ్ మాస్టర్‌కు వెళ్లి ఖాళీ అయిన మాస్టర్లను తీసేయండి.

ఇప్పుడు ఫాంటు. స్లైడ్ మాస్టర్ ట్యాబ్‌లోనే ఫాంట్స్, అందులో కస్టమైజ్ ఫాంట్స్. శీర్షికకు ఒకటి, బాడీకి ఒకటి ఇచ్చి పేరు పెట్టండి. సైజు, రంగు, బులెట్ గుర్తు మాత్రం మాస్టర్ పెట్టెలో ఒక్కో స్థాయి వరుసను పట్టుకుని మార్చాలి. బయటికొచ్చి, ఎడమ పక్క ఒక స్లైడు మీద క్లిక్ చేసి, కంట్రోల్ ఎ నొక్కి, హోమ్ ట్యాబ్‌లో రీసెట్ కొట్టండి. చేతి మార్పులు చాలావరకు పోయి మాస్టర్ రూపం వస్తుంది. అటూ ఇటూ జరిపిన పెట్టెలు కూడా తమ అసలు చోటికి పోతాయి. బొమ్మకు చోటివ్వడానికి పెట్టెను పక్కకు జరిపిన స్లైడ్లుంటే వాటిని ఆ ఎంపికలోంచి తప్పించండి.

ఇంత చేసినా మారనివి మిగిలితే అవి ఇన్సర్ట్ ట్యాబ్ నుంచి గీసిన టెక్స్ట్ బాక్సులు. వాటికీ మాస్టర్ పెట్టెలకూ సంబంధం లేదు. పట్టుకోవడం తేలిక: వ్యూలో అవుట్‌లైన్ వ్యూ తెరవండి. మాస్టర్ మాట వినే అక్షరాలే అందులో కనిపిస్తాయి. స్లైడు మీద ఉండి అవుట్‌లైన్‌లో లేని మాటలు విడి బాక్సువో, పట్టికవో అయి ఉంటాయి. హోమ్ ట్యాబ్‌లో రీప్లేస్ పక్క బాణం నొక్కితే రీప్లేస్ ఫాంట్స్ వస్తుంది. విడి బాక్సుల ఫాంటు దానితో ఒక్కసారే మారుతుంది. మార్చే పని లేకపోయినా ఒకసారి తెరిచి చూడండి, ఫైల్లో ఎన్ని ఫాంట్లు దాక్కున్నాయో బయటపడుతుంది.

ఇకముందు నలుగురూ విడివిడిగా చేసేటట్టయితే, ఈ మాస్టర్‌ను పవర్‌పాయింట్ టెంప్లేట్‌గా సేవ్ చేసి ముందే అందరికీ పంచండి. కలిపాక సర్దడం కంటే అదే మేలు.

ప్రశ్న: ఫార్మాట్ పెయింటర్ కుంచె ఒకసారికే పనిచేసి ఆగిపోతోంది. పదిచోట్ల కావాలంటే పదిసార్లు నొక్కాలా?
– జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: కుంచె మీద రెండుసార్లు టకటకా నొక్కండి. ఎస్కేప్ కొట్టేదాకా చేతిలోనే ఉంటుంది, స్లైడు మారినా పోదు. పెట్టె అంచు పట్టుకుని కుంచె తీసుకుంటే పెట్టె రంగు, గీత కూడా అంటుకొస్తాయి. అక్షరాల తీరే కావాలంటే లోపలి మాటను ఎంచుకుని తీసుకోండి. మీటలతో అయితే కంట్రోల్ షిఫ్ట్ సి, కంట్రోల్ షిఫ్ట్ వి. గూగుల్ స్లైడ్స్‌లో షిఫ్ట్ బదులు ఆల్ట్. చివరగా చేసిన పనినే ఇంకోచోట చేయాలంటే ఎఫ్4 చాలు. కొన్ని ల్యాప్‌టాపుల్లో దానితో పాటు ఎఫ్ఎన్ మీట కూడా నొక్కాలి.

ప్రశ్న: మా బడిలో మరాఠీ, తెలుగు, ఇంగ్లిష్ మూడూ ఒకే స్లైడు మీద రావాలె. తెలుగు వరుసల్లో పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతున్నయి. ఒక స్లైడుల అక్షరాలు పెద్దగ, ఇంకో దాంట్ల చిన్నగ వస్తున్నయి, నేనైతే సైజు మార్చలేదు. ఎట్ల సరిచేసుకోవాలె?
– ఉపాధ్యాయిని, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ ఒకదానికొకటి తోడైనవే.

పవర్‌పాయింట్ 2013 నుంచి వచ్చే మామూలు ఆఫీస్ థీమ్‌లో వరుసల మధ్య ఎడం 0.9 ఉంటుంది. ఇంగ్లిష్‌కు అది బాగానే ఉంటుంది, ఎందుకంటే ఆ లిపిలో వరుస కిందికి దిగే అక్షరాలు నాలుగైదే. తెలుగులో 'రాష్ట్రం', 'స్వాతంత్ర్యం' లాంటి మాటల్లో వత్తు మీద వత్తు కిందికి దిగుతుంది. ఆ కిందే 'కీ', 'థీ' వంటి అక్షరం పడితే దాని గుడి పైకి లేస్తుంది. రెండూ ఢీకొంటాయి. స్లైడ్ మాస్టర్‌లో బాడీ పెట్టెను ఎంచుకుని, హోమ్ ట్యాబ్‌లో లైన్ స్పేసింగ్, అందులో లైన్ స్పేసింగ్ ఆప్షన్స్ తెరిచి, మల్టిపుల్ ఎదుట 0.9 తీసి 1.05 పెట్టండి. 1.1 దాటితే పేరా చెదిరినట్టు కనిపిస్తుంది. శీర్షిక రెండు వరుసలు అయ్యేట్టుంటే శీర్షిక పెట్టెకూ ఇదే మార్పు చేయండి. అక్కడే 'ఎగ్జాక్ట్‌లీ' అనే ఎంపిక కనిపిస్తుంది, దాని జోలికి వెళ్లకండి. సైజు పెంచినా ఎడం పెరగదు, వత్తులు మళ్లీ తగులుతాయి.

సైజు దానంతటదే మారడం ఆటోఫిట్ పని. పెట్టెలో మాటలు పట్టకపోతే సాఫ్ట్‌వేర్ సైజు తగ్గిస్తుంది. అంతటితో ఆగక వరుసల ఎడాన్ని కూడా 20 శాతం దాకా నొక్కేస్తుంది. ఇంగ్లిష్ స్లైడులో ఎవరి కంటా పడదు గానీ తెలుగులో ఇది వత్తులను గుడుల మీదికి తోసేస్తుంది. మాస్టర్‌లో బాడీ పెట్టె అంచు మీద కుడి క్లిక్ చేసి ఫార్మాట్ షేప్, టెక్స్ట్ ఆప్షన్స్, టెక్స్ట్ బాక్స్ వరకు వెళ్లి 'డు నాట్ ఆటోఫిట్' ఎంచుకోండి. మీ కంప్యూటర్‌లో పూర్తిగా ఆపాలంటే ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్, 'ఆటోఫార్మాట్ యాజ్ యు టైప్' దాకా వెళ్లి, శీర్షికకు, బాడీకి ఉన్న రెండు ఆటోఫిట్ టిక్కులు తీసేయండి. ఈపాటికే కుంచించుకుపోయిన స్లైడ్లకు రీసెట్ కొట్టాలి.

ఆటోఫిట్ ఆపాక మాటలు ఎక్కువైతే పెట్టె దాటి కిందికి కారతాయి. అది తప్పు కాదు, స్లైడును రెండు చేయమని గుర్తు. 28 సైజు తెలుగులో ఒక్క వరుస పాయింట్లు సుమారు ఆరు పడతాయి. తరగతి గది వెనక బెంచీకి కనిపించాలంటే 24 కంటే దిగకపోవడమే మంచిది.

మూడు లిపులకు ఒకే ఫాంటు కావాలంటే నిర్మలా యూఐ పెట్టండి. విండోస్ 8 నుంచి అది సిస్టంతోనే వస్తుంది. తెలుగు, దేవనాగరి, ఇంగ్లిష్ మూడూ అందులో ఉన్నాయి, ఒడియా కూడా ఉంది. మీ ఫైల్లో ఇప్పుడు ఫాంటు గడిలో కాలిబ్రి అనో ఆప్టోస్ అనో కనిపిస్తూ ఉండొచ్చు. ఆ రెంటిలోనూ తెలుగు లేదు. పేరు అదే చూపిస్తూ, తెలుగు అక్షరాలకు మాత్రం సాఫ్ట్‌వేర్ ఇంకో ఫాంటు తెచ్చి సర్దుతుంది. ఒక యంత్రంలో అది నిర్మలా, ఇంకో దాంట్లో గౌతమి కావచ్చు. రెండింటి వెడల్పులు వేరు కాబట్టి వరుస విరిగే చోటు మారిపోతుంది. అందుకే థీమ్ ఫాంట్లలో శీర్షికకు, బాడీకి నిర్మలా పేరే స్పష్టంగా ఇవ్వండి. ఆ డబ్బాలో కాంప్లెక్స్ స్క్రిప్ట్ అనే గడి కూడా కనిపిస్తే అక్కడా అదే పేరు పెట్టాలి. తెలుగు, దేవనాగరి లిపులు ఆ గడి కిందికే వస్తాయి.

ఇంకో మాట. నొక్కి చెప్పాల్సిన తెలుగు మాట కింద గీత పెట్టకండి, వత్తుల్ని గీత కోసేస్తుంది. వాలు అక్షరాలూ వద్దు. తెలుగు ఫాంట్లలో అసలైన వాలు రూపం అరుదు, సాఫ్ట్‌వేర్ మామూలు అక్షరాన్నే పక్కకు వంచి చూపిస్తుంది. రంగు గానీ బోల్డ్ గానీ సరిపోతుంది.

ప్రశ్న: తెలుగు మాటలన్నిటి కింద ఎర్ర గీతలు. స్లైడ్ షోలో కూడా వస్తాయా?
– రాజురా, చంద్రపూర్ జిల్లా

జవాబు: షోలో రావు. కళ్లకు అడ్డమనిపిస్తే ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లో 'చెక్ స్పెల్లింగ్ యాజ్ యు టైప్' టిక్ తీసేయండి. ఇంగ్లిష్ తప్పులు కూడా అప్పుడు మీరే చూసుకోవాలి మరి.

ప్రశ్న: ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి గిడుగు రామమూర్తి పంతులు గారి మీద స్లైడ్లు తయారుచేశాం. ఇంట్లో మండలి ఫాంటుతో చక్కగా ఉన్నాయి. సభ జరిగిన హాల్లో కంప్యూటర్‌కు ఎక్కిస్తే అక్షరాలే మారిపోయి, వరుసలు పెట్టె దాటి కిందికి జారిపోయాయి. వచ్చే ఏడాదికైనా ఇలా కాకుండా చూసుకోవడం ఎలాగండీ?
– పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ఫైల్లో వెళ్లేది ఫాంటు పేరు మాత్రమే, ఫాంటు కాదు. ఆ పేరుగల ఫాంటు హాలు కంప్యూటర్‌లో లేకపోతే ఉన్నదానితో నెట్టుకొస్తుంది. ఫైల్, ఆప్షన్స్, సేవ్ తెరిస్తే అడుగున 'ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ది ఫైల్' ఉంటుంది. టిక్ పెడితే రెండు ఎంపికలు వస్తాయి. వాడిన అక్షరాలే చేర్చేది చూపించడానికి చాలు, ఫైలు చిన్నదవుతుంది. కానీ హాల్లో చివరి నిమిషంలో అతిథి పేరు మార్చాల్సి వచ్చిందనుకోండి, కొత్త పేరులో 'ఘ' ఉండి పాత స్లైడ్లలో ఎక్కడా లేకపోతే ఆ ఒక్క అక్షరం పరాయి ఫాంటులో వస్తుంది. సభల్లో పేర్లు మారడం మామూలే కాబట్టి అన్ని అక్షరాలూ చేర్చే రెండోదే మీకు నయం.

ఫాంటు తయారీదారు అనుమతించినవే ఇలా ఫైల్లో చేరతాయి. మండలి, రామభద్ర, సురన్న, ఎన్‌టీఆర్ వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవి, స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చినవి, కాబట్టి చిక్కు లేదు. వాటిలో గిడుగు పేరుతోనూ ఒక ఫాంటు ఉంది. పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో, ఆయన మీది స్లైడ్లకు శీర్షికలు ఆ ఫాంటులో పెడితే బాగుంటుంది. బాడీకి మాత్రం మండలినే ఉంచండి. గిడుగు, మండలి, రామభద్ర ఒక్కొక్కటి ఒకే మందంలో ఉన్న ఫాంట్లు. వాటి మీద బోల్డ్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని ఉబ్బిస్తుంది, 'ఘ', 'ఝ' లోపలి ఖాళీలు పూడిపోతాయి. లావు అక్షరాలు కావాలంటే రామభద్రను బోల్డ్ నొక్కకుండా వాడండి, దాని సహజ రూపమే లావు. ఒకే సైజు అంకె ఇచ్చినా ఒక్కో తెలుగు ఫాంటు ఒక్కోలా కనిపిస్తుంది కాబట్టి, ఫాంటు మార్చాక సైజు కంటితో చూసి సర్దుకోవాలి.

గూగుల్ ఫాంట్స్ నుంచే నోటో సాన్స్ తెలుగు తెచ్చుకుంటే ఒక జాగ్రత్త. జిప్ విప్పితే పైన కనిపించే ఒక్క ఫైలు వేరియబుల్ ఫాంటు, అంటే అన్ని మందాలూ ఒకే ఫైల్లో ఉన్నది, పవర్‌పాయింట్‌తో దానికి సరిగా పొసగదు. లోపల స్టాటిక్ అనే ఫోల్డర్లో ఉన్న రెగ్యులర్, బోల్డ్ ఫైళ్లను ఇన్‌స్టాల్ చేసి, పవర్‌పాయింట్‌ను మూసి మళ్లీ తెరవండి.

ఇన్ని చేసినా వెంట ఒక పీడీఎఫ్ పెట్టుకోండి. యానిమేషన్లు పోతాయి గానీ అక్షరం మాత్రం ఎక్కడ తెరిచినా మారదు.

ప్రశ్న: మా డీటీపీ షాపుకు పాత అను ఫాంట్ల తెలుగు స్లైడ్లు, ఆకృతి ఫాంట్ల ఒడియా స్లైడ్లు వస్తుంటాయి. రీప్లేస్ ఫాంట్స్‌తో నిర్మలాకు మారిస్తే ఇంగ్లిష్ పిచ్చి గీతలు వస్తున్నాయి. ఎక్కడ పొరపాటు?
– బరంపురం, గంజాం జిల్లా

జవాబు: ఆ ఫాంట్లు యూనికోడ్‌కు (ప్రతి లిపి అక్షరానికీ విడిగా ఒక సంఖ్య ఇచ్చే నేటి పద్ధతికి) ముందు కాలం పద్ధతివి. ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలను, ఒడియా ముక్కలను కూర్చోబెట్టారు. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన వరుస. ఫాంటు తీసేస్తే లోపలున్నది బయటపడుతుంది, అంతే.

అసలు రీప్లేస్ ఫాంట్స్ ఇక్కడ వాడనేకూడదు. ఏ ముక్క తెలుగు, ఏ ముక్క ఒడియా, ఏది నిజంగా ఇంగ్లిష్ అని చెప్పే ఆనవాలు ఆ ఫైల్లో ఫాంటు పేరు ఒక్కటే. దాన్ని చెరిపేసి సేవ్ చేస్తే తర్వాత విడదీయడం నరకం. ఇప్పటికే సేవ్ చేసి ఉంటే ఖాతాదారు దగ్గర అసలు ఫైలు మళ్లీ అడగండి.

సరైన వరస ఇది. ఫైల్, సేవ్ యాజ్‌లో అవుట్‌లైన్ ఆర్‌టీఎఫ్ రకం ఎంచుకుంటే మాస్టర్ పెట్టెల్లోని మాటలన్నీ ఒక్క ఫైల్లోకి వస్తాయి. విడి టెక్స్ట్ బాక్సులవి రావు, వాటిని చేత్తో కాపీ చేయాలి. ఆ మాటలను యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేసేటప్పుడు ఏ ఫాంటు, ఏ వెర్షన్ అన్నది సరిగ్గా ఎంచుకోండి. ఒక వెర్షన్ పట్టికతో ఇంకో వెర్షన్ అక్షరాలు మారిస్తే సగం బాగుండి సగం చెడిపోతాయి, అది ఇంకా ప్రమాదం. మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలను, అంకెలను ముందే పక్కన పెట్టండి, లేకపోతే అవి కూడా తెలుగైపోతాయి. మార్చాక వత్తులున్న మాటలు, ముఖ్యంగా రకారవత్తు, ఒకసారి చదివి చూడాలి. తప్పులు పోగయ్యేది అక్కడే.

తిరిగి స్లైడులో వేసేటప్పుడు కంట్రోల్ వి కొట్టిన వెంటనే ఒకసారి కంట్రోల్, ఆ తర్వాత టి నొక్కండి. మాటలు మాత్రమే వస్తాయి, పాత ఫాంటు పేరు వెంట రాదు.

ప్రశ్న: రోజూ మిర్చి ధరలు వాట్సాప్‌లో వస్తే స్లైడులో పట్టికగా పెడతాను. మాటలకు అటూ ఇటూ చుక్కల గుర్తులు వస్తున్నాయి. మాస్టర్‌లో సైజు మార్చినా పట్టిక సైజు మారడం లేదు.
– ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

జవాబు: ఆ చుక్కలు వాట్సాప్‌లో లావు అక్షరానికి పెట్టే నక్షత్రాలు. కంట్రోల్ హెచ్ నొక్కి, పై గడిలో నక్షత్రం ఒకటి టైప్ చేసి, కింది గడి ఖాళీగా వదిలి, రీప్లేస్ ఆల్ కొడితే ఫైలంతా శుభ్రం.

పట్టిక అక్షరాలు మాస్టర్ సైజు వినవు. ఫాంటు పేరు థీమ్ నుంచి వస్తుంది, సైజు మాత్రం మామూలుగా 18. పట్టిక అంచు పట్టుకుని మొత్తంగా ఒకేసారి మార్చండి. పట్టిక గళ్లలో ఆటోఫిట్ ఉండదు, మాట ఎక్కువైతే అడ్డవరుస ఎత్తు పెరుగుతుంది. రకాల పేర్లు పొడుగైతే పట్టిక లేఅవుట్ ట్యాబ్‌లో సెల్ మార్జిన్స్‌ను న్యారో చేస్తే కాస్త చోటు దొరుకుతుంది. ధరల నిలువువరుసను పైనుంచి బాణంతో ఎంచుకుని కుడికి జరపండి. స్పేస్ బార్‌తో సర్దితే మర్నాడు మూడంకెల ధర నాలుగంకెలైనప్పుడు మళ్లీ చెదురుతుంది. పై వరుసకు చేత్తో బోల్డ్ పెట్టే బదులు టేబుల్ డిజైన్‌లో హెడర్ రో టిక్ ఉంచితే చాలు. రేపటి ధరలకు స్లైడును కంట్రోల్ డితో నకలు తీసి అంకెలు మాత్రం మార్చుకోండి, రూపం దిద్దే పనే ఉండదు.

ప్రశ్న: మా దగ్గరిది లైనక్స్, లిబ్రేఆఫీస్ ఇంప్రెస్. ఇంగ్లిష్ ఫాంటు మారుతుంది, తెలుగుది మారదు. మేము చేసినవి వేరేవాళ్ల పవర్‌పాయింట్‌లో చూపించాలి.
– కిన్వట్, నాందేడ్ జిల్లా

జవాబు: ఇంప్రెస్ లిపులను బట్టి ఫాంటు గళ్లు విడివిడిగా ఉంచుతుంది. టూల్స్, ఆప్షన్స్‌లో భాషల విభాగం తెరిచి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్ పెట్టి తెలుగు ఎంచుకోండి. ఆ తర్వాత ఫార్మాట్, క్యారెక్టర్ తెరిస్తే పాశ్చాత్య లిపికి ఒక గడి, తెలుగు వంటి లిపులకు ఇంకోటి కనిపిస్తాయి. ఫాంటు, సైజు రెండూ రెండు గళ్లలోనూ ఇవ్వాలి. 28 ఒక్కదాంట్లోనే పెట్టి రెండోది మరిచిపోతే, ఒకే వరుసలో ఇంగ్లిష్ పెద్దగా, తెలుగు చిన్నగా వస్తుంది.

ఒక్కో స్లైడులో కాకుండా, ఎఫ్11తో స్టైల్స్ తెరిచి టైటిల్, అవుట్‌లైన్ 1, అవుట్‌లైన్ 2 అనే వాటి మీద కుడి క్లిక్ చేసి అక్కడ మార్చండి, ఆ మాస్టర్ మీదున్న స్లైడ్లన్నీ మారతాయి. చేతి మార్పులతో మొండికేసిన మాటలను ఎంచుకుని ఫార్మాట్ మెనూలో క్లియర్ డైరెక్ట్ ఫార్మాటింగ్ నొక్కండి. క్లోన్ ఫార్మాటింగ్ కుంచె ఇక్కడా రెండు నొక్కులతో నిలిచి ఉంటుంది.

లైనక్స్‌లో నిర్మలా ఉండదు, లైనక్స్‌లో దొరికే లోహిత్ తెలుగు ఫాంటు ఎక్కువమంది విండోస్‌లో ఉండదు. రెండు పక్కలా నోటో సాన్స్ తెలుగు వేసుకోవడమే తేలిక. వాళ్ల యంత్రంలో ఫాంటు వేసే వీలు లేకపోతే పీపీటీఎక్స్‌తో (పవర్‌పాయింట్ రకం ఫైలుతో) పాటు ఇంప్రెస్ నుంచే పీడీఎఫ్ కూడా ఎగుమతి చేసి ఇవ్వండి. పీపీటీఎక్స్‌ను మాత్రం కార్యక్రమానికి ముందే వాళ్ల పవర్‌పాయింట్‌లో ఒకసారి తెరిపించి, రెండు వరుసల శీర్షికలున్న స్లైడ్లు మొదట చూడండి. వరుస విరిగే చోటు మారేది ఎక్కువగా వాటిలోనే.